బంతులు ఏరిన కుర్రాడు ఒలింపిక్స్‌లో జెండా పట్టాడు: బంగ్లాదేశ్ గోల్ఫర్ సిద్దీకుర్ రహ్మాన్ జీవితం, కెరీర్

2016 ఆగస్టు 5 రాత్రి. బ్రెజిల్ దేశం రియో నగరంలో మరకానా స్టేడియం. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఒక్కో దేశం జట్టు నడుచుకుంటూ వస్తోంది. బంగ్లాదేశ్ వంతు వచ్చింది. ఆ దేశం తరఫున వెళ్ళిన క్రీడాకారులు మొత్తం ఏడుగురే. ముందు ఆకుపచ్చ జెండా పట్టుకుని నడుస్తున్నది క్రికెటర్ కాదు, ఫుట్‌బాలర్ కాదు. ఒక గోల్ఫర్. పేరు మొహమ్మద్ సిద్దీకుర్ రహ్మాన్.

గోల్ఫ్ అనగానే మనకు గుర్తొచ్చేది పచ్చటి మైదానం, తెల్లటి టోపీలు, ఖరీదైన కార్లు. రిటైరైన పెద్ద ఆఫీసర్లు, కంపెనీల యజమానులు ఆడుకునే ఆట. అలాంటి ఆటలోకి ఢాకా బస్తీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. సభ్యత్వం తీసుకుని రాలేదు, ఇతరులు కొట్టిన బంతులు ఏరి తెచ్చే పనికి వచ్చాడు. అక్కడి నుంచి ఆసియా టూర్‌లో రెండు టైటిళ్ళు, ప్రపంచ కప్, ఒలింపిక్స్ వరకు వెళ్ళాడు. మన ఇళ్ళల్లో అతని పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే ఈ వ్యాసం.

మదారీపూర్ నుంచి ఢాకా బస్తీకి

సిద్దీకుర్ పుట్టింది 1984 నవంబర్ 20న, బంగ్లాదేశ్‌లోని మదారీపూర్ జిల్లాలో. పద్మా నదికి దక్షిణాన ఉండే ప్రాంతం అది. అక్కడ బతుకుతెరువు దొరక్క రాజధానికి వలసపోయిన వేలాది కుటుంబాల్లో వీళ్ళదీ ఒకటి. ఢాకా కంటోన్మెంట్ పక్కనున్న ధామల్‌కోట్ బస్తీలో కాపురం పెట్టారు. తండ్రి ఏ రోజు తెచ్చింది ఆ రోజుకే సరిపోయే ఇల్లు.

ఆ బస్తీకి దగ్గర్లోనే కుర్మిటోలా గోల్ఫ్ క్లబ్ ఉంది. సైన్యం ఆధీనంలో ఉండే, దేశంలోకెల్లా పేరున్న గోల్ఫ్ కోర్సు. పక్కింటి స్నేహితుడు ఒకడు అప్పటికే అక్కడ పని చేస్తున్నాడు. 'నువ్వు కూడా రా, నాలుగు డబ్బులు దొరుకుతాయి' అన్నాడు. పదేళ్ళు నిండీ నిండని వయసులో సిద్దీకుర్ స్కూలు అయిపోయాక అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. పని పేరు బాల్ బాయ్. సభ్యులు ప్రాక్టీస్ చేస్తూ దూరంగా కొట్టే బంతుల్ని ఏరి బుట్టలో వేసి తెచ్చివ్వాలి. కొన్నాళ్ళకు క్యాడీ అయ్యాడు. అంటే ఆటగాడి కర్రల సంచి భుజానికి తగిలించుకుని, పద్దెనిమిది హోల్స్ పొడుగునా అతని వెంట నడిచే మనిషి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. క్యాడీ పని బయటికి కూలిపనిలా కనబడుతుంది కానీ, ఆట నేర్చుకోవడానికి దాన్ని మించిన చోటు లేదు. గాలి ఎటు వీస్తోంది, ఎంత దూరానికి ఏ కర్ర తీయాలి, గడ్డి ఏ వైపు వాలి ఉంది, బంతి ఎటు దొర్లుతుంది అన్నవన్నీ రోజూ కళ్ళ ముందే జరుగుతుంటాయి. ఫీజు కట్టి కోచ్ దగ్గర నేర్చుకునే పిల్లాడికి వారానికి మూడు గంటలు దొరికితే, క్యాడీ కుర్రాడికి రోజంతా దొరుకుతుంది. దొరకనిదల్లా ఒక్కటే, ఆడే అవకాశం.

ఆడాలంటే కర్ర కావాలి. గోల్ఫ్ కర్రని క్లబ్ అంటారు. ఒక ఆటగాడి సంచిలో పద్నాలుగు క్లబ్‌ల దాకా ఉండొచ్చు. సిద్దీకుర్ దగ్గర ఒక్కటీ లేదు. అప్పుడు అతను చేసిన పని బంగ్లాదేశ్‌లో ఇప్పుడు కథలా చెప్పుకుంటారు. ఒక ఇనుప కడ్డీతో తనే సొంతంగా క్లబ్ లాంటిది చేయించుకున్నాడు. దానితోనే చాటుమాటుగా ప్రాక్టీస్ మొదలుపెట్టాడు. అసలు క్లబ్ చేతిలో పడేసరికి, ఆ బరువు కడ్డీ తిప్పి తిప్పి చేతికి అలవాటైన ఊపు అతనికి ఉండనే ఉంది.

అమెచ్యూర్‌గా పన్నెండు టైటిళ్ళు

ఇరవయ్యో శతాబ్దం ముగిసే రోజుల్లో బంగ్లాదేశ్ గోల్ఫ్ ఫెడరేషన్ ఒక తెలివైన పని చేసింది. దేశానికి జట్టు తయారు చేయాలంటే క్లబ్ సభ్యులను మాత్రమే నమ్ముకుంటే లాభం లేదని గ్రహించి, బాల్ బాయ్‌లు, క్యాడీల్లోంచి బాగా ఆడే పిల్లల్ని ఏరి శిక్షణ ఇప్పించింది. ఆ పిల్లల్లో సిద్దీకుర్ ఒకడు. నా దృష్టిలో అతని జీవితంలో అసలు మలుపు ఇదే. ఇనుప కడ్డీ కథ వినడానికి బాగుంటుంది, కానీ కడ్డీ పట్టుకున్న పిల్లలు ఇంకెంతమందో ఉండి ఉంటారు. తలుపు తీసిన సంస్థ లేకపోతే ఆ కథ కుర్మిటోలా గోడ దాటేది కాదు.

అమెచ్యూర్ అంటే డబ్బు కోసం కాకుండా ఆడేవాడు. గెలిచినా కప్పు తప్ప ప్రైజ్ మనీ ఉండదు. ఈ దశలో సిద్దీకుర్ బంగ్లాదేశ్‌లోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ కలిపి పన్నెండు టోర్నమెంట్లు గెలిచాడు. కప్పులు ఇంట్లో పెట్టుకోవడానికి బాగుంటాయి, వాటితో కిరాణా కొట్లో బాకీ తీరదు. 2005లో ప్రొఫెషనల్‌గా మారాడు.

ప్రొఫెషనల్ అంటే లెక్క ఏమిటి?

బీకాం చదివిన అలవాటు, ఎక్కడికి వెళ్ళినా ముందు జమాఖర్చు చూస్తాను. గోల్ఫ్ ప్రొఫెషనల్ జీవితం గురించి చదువుతున్నప్పుడు నన్ను ఎక్కువ ఆశ్చర్యపెట్టింది ఈ లెక్కే.

క్రికెటర్‌కు బోర్డు కాంట్రాక్టు ఉంటుంది, మ్యాచ్ ఫీజు ఉంటుంది. గోల్ఫర్‌కు జీతం లేదు. అతను ఒక చిన్న దుకాణం లాంటివాడు. విమానం టికెట్టు, హోటల్, భోజనం, క్యాడీకి ఇచ్చేది, ప్రయాణాల వీసా ఖర్చు, అన్నీ తన జేబులోంచే. స్పాన్సర్ దొరికితే కొంత ఊపిరాడుతుంది. టోర్నమెంట్ సాధారణంగా నాలుగు రోజులు ఉంటుంది, గురువారం నుంచి ఆదివారం దాకా. మొదటి రెండు రోజులు అందరూ ఆడతారు. శుక్రవారం సాయంత్రం ఒక గీత గీస్తారు. దాన్ని కట్ అంటారు. గీతకు పైన ఉన్నవాళ్ళు శని, ఆదివారాలు ఆడి డబ్బు పంచుకుంటారు. కింద ఉన్నవాళ్ళు సామాను సర్దుకుని ఇంటికి పోవాలి, రూపాయి కూడా రాదు. సుమారు సగం మంది పరిస్థితి ప్రతి వారం ఇదే.

పైన ఉన్నవాళ్ళలో కూడా పంపకం సమానంగా ఉండదు. మొత్తం సొమ్ములో గెలిచినవాడికి దాదాపు ఆరో వంతు పోతుంది. కిందికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. కట్ దాటి చివర్లో నిలిచినవాడికి వచ్చేది కొన్నిసార్లు ఆ వారం ఖర్చులకే చాలదు. కాబట్టి బస్తీ నుంచి వచ్చిన కుర్రాడు 2005లో 'ప్రొఫెషనల్ అవుతాను' అని నిర్ణయించుకోవడం అంటే, వెనక పెట్టుబడి లేకుండా, నష్టం వస్తే ఆదుకునేవాడు లేకుండా వ్యాపారం మొదలుపెట్టడమే.

సిద్దీకుర్ మొదటి మెట్టు మన దేశమే అయింది. ఇండియా ప్రొఫెషనల్ టూర్‌లో, అంటే పీజీటీఐ పోటీల్లో ఆడుతూ వచ్చాడు, టైటిళ్ళు గెలిచాడు. బంగ్లాదేశ్‌లో అప్పటికి చెప్పుకోదగ్గ ప్రొఫెషనల్ సర్క్యూట్ లేదు. ఢాకా కుర్రాడు గోల్ఫ్ ఆడి ఇల్లు గడుపుకోవాలంటే సరిహద్దు దాటక తప్పదు. ఆ తర్వాత మెట్టు ఆసియా టూర్. దాంట్లో ఏడాది పొడుగునా ఆడే హక్కును కార్డు అంటారు. ఏడాది చివర్లో సంపాదన పట్టికలో వెనకబడితే కార్డు పోతుంది, మళ్ళీ అర్హత పోటీలు ఆడుకోవాలి.

బ్రూనై, 2010

2010 ఆగస్టు 1. బ్రూనై ఓపెన్ చివరి రోజు. మొత్తం ప్రైజ్ మనీ 3 లక్షల డాలర్లు, ఆసియా టూర్ లెక్కలో పెద్ద టోర్నమెంట్ ఏమీ కాదు. కానీ సిద్దీకుర్‌కు అదే పెద్దది.

గోల్ఫ్ స్కోరు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రతి హోల్‌కూ ఇన్ని దెబ్బల్లో బంతిని గుంటలో వేయాలని ఒక లెక్క ఉంటుంది. దాన్ని పార్ అంటారు. ఒకటి తక్కువలో వేస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. తక్కువ దెబ్బలు కొట్టినవాడే విజేత. క్రికెట్ చూసే కళ్ళకు ఇది తలకిందుల వ్యవహారం.

నాలుగు రోజులు ముగిసేసరికి సిద్దీకుర్, దక్షిణాఫ్రికాకు చెందిన జేబీ క్రూగర్ సమానంగా నిలిచారు. ఇద్దరివీ 268 దెబ్బలు, పార్ కన్నా 16 తక్కువ. విజేతను తేల్చడానికి ప్లే-ఆఫ్ పెట్టారు. మొదటి అదనపు హోల్‌లోనే సిద్దీకుర్ గెలిచాడు. ఆసియా టూర్‌లో టైటిల్ గెలిచిన తొలి బంగ్లాదేశీ అతనే.

ఢాకాలో పత్రికలు ఒక్కసారిగా మేలుకున్నాయి. అప్పటిదాకా క్రికెట్ స్కోర్లు తప్ప వేరేది మొదటి పేజీలో వేయనివాళ్ళు గోల్ఫ్ అంటే ఏమిటో పాఠకులకు వివరించాల్సి వచ్చింది. 'బంగ్లాదేశ్ టైగర్ వుడ్స్' అనే పేరు అంటుకుంది. ఆ పోలిక పెద్దగా కుదరదు. టైగర్ వుడ్స్‌కు చిన్నతనం నుంచే తండ్రి ఆట నేర్పించాడు, రెండేళ్ళ వయసులో టీవీలో కనిపించాడు. సిద్దీకుర్‌కు ఆ వయసులో గోల్ఫ్ అనే మాట కూడా తెలిసే వీల్లేదు. ఏ పేరైతేనేం, జనం నోట్లో నిలిచింది.

ఢిల్లీలో మొగల్ సమాధుల మధ్య

సిద్దీకుర్ కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద విజయం మన గడ్డ మీదే వచ్చింది. 2013 నవంబర్ 10, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్, హీరో ఇండియన్ ఓపెన్.

ఆ కోర్సు చూడాల్సిందే. చుట్టూ దట్టమైన పొదలు, నెమళ్ళు, మధ్యలో లాల్ బంగ్లా లాంటి మొగల్ కాలం నాటి సమాధులు. బంతి వెళ్ళాల్సిన దారి చాలా ఇరుకు. అటూ ఇటూ కాస్త జరిగితే పొదల్లో పడుతుంది, అక్కడి నుంచి తీయడానికి ఒకటి రెండు దెబ్బలు వృథా. బలంగా కొట్టేవాడికి కాదు, ఓపికగా ఆడేవాడికి అనుకూలించే కోర్సు. సిద్దీకుర్ పొడుగరి కాదు, భారీ దెబ్బలు కొట్టే రకమూ కాదు. నిటారుగా కొడతాడు, గుంట దగ్గర నిదానంగా ఆడతాడు. అతనికీ ఆ కోర్సుకీ కుదిరింది.

మొదటి మూడు రోజులు అద్భుతంగా ఆడి 199 దెబ్బలతో ముందు నిలిచాడు. పార్ 72 కోర్సు మీద మూడు రోజులకు 17 అండర్ అన్నమాట. నాలుగో రోజు మాత్రం చెయ్యి వణికింది. 75 కొట్టాడు, అంటే పార్ కన్నా మూడు ఎక్కువ. వెనక నుంచి తరుముతున్నవాళ్ళు మామూలువాళ్ళు కాదు. ఒకరు అనిర్బన్ లాహిరి, ఇంకొకరు ఎస్‌ఎస్‌పీ చౌరాసియా. స్టాండ్స్‌లో జనం కూడా సహజంగానే సొంత ఆటగాళ్ళ వైపు. చివరికి మొత్తం 274, పార్ కన్నా 14 తక్కువ. ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు.

ఆ ఒక్క దెబ్బ విలువ లెక్కేద్దాం. టోర్నమెంట్ మొత్తం 12.5 లక్షల డాలర్లు. విజేత వాటా 2.25 లక్షల డాలర్లు. ఆనాటి మారకం ప్రకారం మన రూపాయల్లో దాదాపు కోటీ నలభై లక్షలు. బాల్ బాయ్‌గా బుట్టకు ఇన్ని పైసలని ఎంచుకున్న మనిషికి ఇది ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవడమే.

నాకు ఆ రోజు గెలుపు కన్నా రెండో స్థానంలో నిలిచిన చౌరాసియా కథ కూడా తక్కువేం కాదనిపిస్తుంది. అతని తండ్రి కోల్‌కతాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే గ్రీన్‌కీపర్. 1829లో పెట్టిన క్లబ్ అది, బ్రిటిష్ దీవుల బయట అన్నిటికన్నా పాతది. ఆ ప్రాంగణంలోనే పెరిగిన చౌరాసియా తర్వాత 2016, 2017లో వరుసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అంటే 2013లో ఆ ట్రోఫీ కోసం ఒక బాల్ బాయ్, ఒక తోటమాలి కొడుకు పోట్లాడుకున్నారు. ఇద్దరూ బెంగాలీ గాలి పీల్చి పెరిగినవాళ్ళే, సరిహద్దుకు చెరో పక్క.

ఇదే ట్రోఫీకి ఇంకో పాత కథ ఉంది. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైనవాడే. ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారత ప్రొఫెషనల్ అతను. 1993లో మళ్ళీ గెలిచాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ ముందు 1965లో పి.జి. సేథీ గెలిచారు గానీ, ఆయన అమెచ్యూర్. మన ముస్లిం సమాజంలో అజహరుద్దీన్, సానియా మీర్జా పేర్లు ఇంటింటా తెలుసు. అలీ షేర్ పేరు ఎంతమందికి తెలుసు? నాకు కూడా ఈ వ్యాసం పని మీద చదివేదాకా సరిగా తెలియదు, ఒప్పుకుంటాను.

ప్రపంచ కప్, ఆ తర్వాత నడుము

ఢిల్లీ గెలుపు అయిన రెండు వారాలలోపే సిద్దీకుర్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. మెల్‌బోర్న్‌లోని రాయల్ మెల్‌బోర్న్ కోర్సులో 2013 ప్రపంచ కప్. బంగ్లాదేశ్ పేరు గోల్ఫ్ ప్రపంచ కప్‌లో కనబడటం అదే మొదటిసారి. ఆ టోర్నమెంట్‌ను ఆస్ట్రేలియాకు చెందిన జేసన్ డే గెలిచాడు.

మరుసటి ఏడాది మలేసియాలో ఆసియా, యూరప్ జట్ల మధ్య యూరేషియా కప్ జరిగింది. ఆసియా తరఫున పదిమందిని ఎంపిక చేస్తే వాళ్ళలో సిద్దీకుర్ ఒకడు. లాహిరి, గగన్‌జీత్ భుల్లర్ అతని జట్టు సహచరులు. మొదటి రోజు యూరప్ చిత్తుగా కొట్టినా ఆసియా పుంజుకుని 10-10తో సమం చేసింది.

ఇక్కడిదాకా బండి ఎక్కుతూనే ఉంది. తర్వాత నడుము నొప్పి పట్టుకుంది. గోల్ఫ్‌లో పరుగెత్తేది ఉండదు కాబట్టి దెబ్బలు తగలవని చాలామంది అనుకుంటారు. ఒకే పక్కకు ఒళ్ళంతా మెలితిప్పి రోజుకు వందలసార్లు కొట్టే ఆట ఇది. వెన్నెముక మీద పడే బరువు అంతా ఇంతా కాదు. టైగర్ వుడ్స్ కూడా వెన్నుకు మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేయించుకున్నవాడే. సిద్దీకుర్ ఫామ్ పడిపోయింది. జీతం లేని ఉద్యోగంలో ఒంటికి బాగోకపోతే సంపాదన ఉండదని పైన చెప్పిన లెక్క గుర్తుచేసుకోండి.

మారిషస్‌లో చేజారిన ఆదివారం

2016 మే నెల. మారిషస్ ఓపెన్. ఇది మామూలు ఆసియా టోర్నమెంట్ కాదు. యూరప్ టూర్, ఆసియా టూర్, దక్షిణాఫ్రికా సన్‌షైన్ టూర్ మూడూ కలిసి నడిపేది. ప్రైజ్ మనీ 10 లక్షల యూరోలు. అంతకన్నా ముఖ్యం, గెలిచినవాడికి యూరప్ టూర్‌లో ఆడే హక్కు దొరుకుతుంది. అంటే పది రెట్లు పెద్ద బజార్‌లో దుకాణం తెరిచే లైసెన్స్ అన్నమాట.

సిద్దీకుర్ ఆదివారం చివరి హోల్స్ దాకా ముందున్నాడు. గెలుపు చేతిలోకి వచ్చినట్టే కనిపించింది. ఆఖర్లో దెబ్బలు జారాయి. దక్షిణ కొరియాకు చెందిన వాంగ్ జియుంగ్-హున్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒకే ఒక్క దెబ్బ తేడాతో లాగేసుకున్నాడు. ఆ వాంగ్ అంతకు ముందు వారమే మొరాకోలో హసన్ ట్రోఫీ గెలిచి వచ్చాడు. కాలం కలిసొచ్చినవాడు.

ఢిల్లీలో ఒక దెబ్బ ఇచ్చింది, మారిషస్‌లో ఒక దెబ్బ తీసుకుంది. యూరప్ తలుపు అంత దగ్గరగా మళ్ళీ రాలేదు.

అయితే ఆ రెండో స్థానం పూర్తిగా వృథా పోలేదు. దానివల్ల ప్రపంచ ర్యాంకింగ్‌లో అతనికి పాయింట్లు దొరికాయి. ఆ పాయింట్లే రియోకు దారి తీశాయి.

ఒలింపిక్స్ ఎందుకంత ముఖ్యమైంది?

గోల్ఫ్ ఒలింపిక్స్‌లో చివరిసారి ఆడింది 1904లో. 112 ఏళ్ళ తర్వాత రియోలో మళ్ళీ చేర్చారు. పురుషుల విభాగంలో 60 మందికే చోటు, ర్యాంకింగ్ బట్టి. సిద్దీకుర్ పేరు ఆ జాబితాలో వచ్చింది.

బంగ్లాదేశ్ మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్ళింది 1984లో, లాస్ ఏంజెల్స్‌కు, ఒకే ఒక్క అథ్లెట్‌తో. సిద్దీకుర్ పుట్టిన సంవత్సరమే అది. ఆ రోజు నుంచి రియో దాకా వెళ్ళిన బంగ్లాదేశీలందరూ వైల్డ్ కార్డు మీదే వెళ్ళారు. అంటే చిన్న దేశాలకు కూడా ప్రాతినిధ్యం ఉండాలని నిర్వాహకులు ఇచ్చే ఆహ్వానం. స్వయంగా అర్హత సాధించి నేరుగా వెళ్ళిన తొలి బంగ్లాదేశీ సిద్దీకుర్. పదహారు కోట్ల జనాభా ఉన్న దేశం, ముప్పై రెండేళ్ళు పట్టింది. అందుకే జెండా అతని చేతికి ఇచ్చారు.

పోటీలో మాత్రం అతను చివరి వరుసల్లోనే నిలిచాడు. స్వర్ణం బ్రిటన్ ఆటగాడు జస్టిన్ రోజ్‌కు దక్కింది. ఆ ఫలితం చూసి పెదవి విరిచినవాళ్ళు ఢాకాలోనూ ఉన్నారు. ర్యాంకింగ్‌లో ఆ అరవైమందిలో ఒకడిగా రావడమే అసలు పరీక్ష అని, అది రెండేళ్ళ పాటు వారం వారం సాగిన పరీక్ష అని వాళ్ళకు తెలియదు అనుకుంటాను.

సొంత ఊరి మైదానం

సిద్దీకుర్ వల్ల జరిగిన ఇంకో మార్పు 2015లో కనబడింది. ఆసియా టూర్ తొలిసారిగా బంగ్లాదేశ్‌కు వచ్చింది. బసుంధరా బంగ్లాదేశ్ ఓపెన్ పేరుతో, అదే కుర్మిటోలా కోర్సులో. చిన్నప్పుడు ఎవరి బంతులో ఏరిన చోట ఇప్పుడు వేరే పిల్లలు అతని సంచి మోశారు. ఆ ఏడాది సింగపూర్‌కు చెందిన మర్దాన్ మామత్ గెలిచాడు. 2017లో సిద్దీకుర్ సొంత జనం ముందు గెలవడానికి దగ్గరగా వచ్చాడు, థాయిలాండ్ కుర్రాడు జాజ్ జానేవట్టననొంద్ తర్వాత రెండో స్థానంలో ఆగాడు. ఇంటి దగ్గర టైటిల్ అతనికి రాసిపెట్టి లేదేమో.

ఆసియా టూర్ టైటిళ్ళు రెండు దగ్గరే ఆగాయి, బ్రూనై, ఢిల్లీ. కానీ కుర్మిటోలా నుంచి అతని వెనక వచ్చినవాళ్ళున్నారు. జమాల్ హుస్సేన్, షఖావత్ సోహెల్ లాంటి ఆటగాళ్ళు అదే దారిలో ఇండియా టూర్ దాకా వచ్చారు, జమాల్ ఇక్కడ టైటిళ్ళు కూడా గెలిచాడు. వ్యక్తిగత జీవితానికి వస్తే సిద్దీకుర్ భార్య కూడా గోల్ఫ్ క్రీడాకారిణే.

మన దగ్గర?

హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయాఖిలా గోడల లోపల గోల్ఫ్ కోర్సు ఉంది. టోలీచౌకీ నుంచి బండి మీద పది నిమిషాలు. పీజీటీఐ టోర్నమెంట్లు అక్కడ జరిగాయి. విశాఖలో ఈస్ట్ పాయింట్ కోర్సు ఉంది. ఒకసారి కోట దగ్గర టీ తాగుతుంటే క్యాడీ పని చేసే ఒక నడివయసు చాచా కలిశారు. 'గోల్ఫ్ ఆడతారా చాచా?' అని అడిగితే నవ్వి, 'ఆట మొత్తం తెలుసు బేటా, ఆడింది తక్కువ' అన్నారు. ఎవరు ఏ కర్రతో ఎంత దూరం కొడతారో, ఎవరి చెయ్యి ఎక్కడ వంకర పోతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పారు. వాళ్ళబ్బాయి డెలివరీ పని చేస్తున్నాడట.

మన దేశంలో ఈ దారిలో వచ్చినవాళ్ళు లేకపోలేదు. బెంగళూరు క్యాడీ సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఢిల్లీ కుర్రాడు రషీద్ ఖాన్ 2010 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు, 2014లో ఒకే ఏడాది ఆసియా టూర్‌లో రెండు టైటిళ్ళు కొట్టాడు. అదే రషీద్ 2020లో, ప్రాక్టీస్ కోసం తాను పెరిగిన కోర్సులోకే తనలాంటి ప్రొఫెషనల్స్‌ను రానివ్వడం లేదని మీడియా ముందు గోడు చెప్పుకోవాల్సి వచ్చింది. దేశానికి పతకం తెచ్చినా క్లబ్‌లో సభ్యత్వం లేకపోతే గేటు దగ్గర ఆగాల్సిందే. ఢిల్లీలో సభ్యత్వం కోసం దరఖాస్తు చేసి దశాబ్దాలు ఎదురుచూసేవాళ్ళుంటారు, గోల్ఫర్ వయసు మాత్రం అంతకాలం ఆగదు.

కుర్మిటోలాలో ఆ రోజుల్లో బాల్ బాయ్‌ల జట్టుకు శిక్షణ కోసం గేటు తెరిచారు. ఎంపికైన పిల్లలకు క్లబ్‌లు, బంతులు, ఆడుకోవడానికి సమయం దొరికాయి. సిద్దీకుర్ మొదటిసారి పూర్తి సెట్టుతో పద్దెనిమిది హోల్స్ ఆడగలిగింది ఆ తర్వాతే.